కదిలే ఇసుక మీద బతుకు: హోప్ ఐలాండ్, శ్రీహరికోటల జీవావరణం

కాకినాడ తీరాన్ని ఉపగ్రహ చిత్రంలో చూస్తే, గౌతమి పాయ సముద్రంలో కలిసే చోటు దగ్గర మొదలై ఉత్తరంగా సాగిపోయిన సన్నని ఇసుక పట్టీ ఒకటి కనిపిస్తుంది. పొడవు సుమారు 16 కిలోమీటర్లు. వెడల్పు చాలా చోట్ల కిలోమీటరు కూడా ఉండదు. తూర్పు వైపు బంగాళాఖాతం అలలు విరుగుతుంటాయి. పడమటి వైపు కాకినాడ అఖాతం చెరువులా నిలకడగా ఉంటుంది. అదే హోప్ ఐలాండ్. దాని వయసు సుమారు రెండొందల ఏళ్లు. కోరంగి రేవు ఓడలతో కళకళలాడిన తొలి రోజుల్లో ఈ దీవి ఇప్పుడున్న రూపంలో లేదు.

ఈ దీవిలో రాయి అన్నది లేదు. ఉన్నదంతా గోదావరి తెచ్చిన ఇసుక, ఒండ్రు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించే నది, మూడు లక్షల చదరపు కిలోమీటర్లకు పైబడిన పరివాహక ప్రాంతం నుంచి కోసుకొచ్చిన మట్టిని మొగ దగ్గర వదిలేస్తుంది. బరువైన ఇసుకను అలలు ఒడ్డు వెంబడి ఉత్తరానికి తోస్తాయి. తేలికైన ఒండ్రు ఆ ఇసుక చాటున, అఖాతంలో, నెమ్మదిగా అడుగుకు చేరుతుంది. ఇసుక వరస మీద తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఒండ్రు మీద మడ అడవి పెరుగుతుంది. ఈ రెండింటినీ నడిపేది ఒకటే, ఇసుక ప్రయాణం.

తీరపు దీవుల గురించి మాట్లాడేటప్పుడు మన దృష్టి సాధారణంగా వాటి మీద ఉన్న ప్రాణుల మీదికి పోతుంది. ఎన్ని పక్షులు వచ్చాయి, ఎన్ని తాబేళ్లు గుడ్లు పెట్టాయి, ఎంత విస్తీర్ణంలో మడ అడవి ఉంది అని లెక్క వేస్తాం. ఆ లెక్కలు అవసరమే. కానీ ఇలాంటి దీవిలో ప్రాణులకు ఆధారమైన నేలే స్థిరంగా ఉండదు. అది ఒక వైపు కరిగి మరో వైపు పెరుగుతూ ఉంటుంది. ఆ కదలికను ఆపేస్తే, పైన ఎన్ని రక్షణ చట్టాలు పెట్టినా కింద నేల మిగలదు. ఆంధ్ర తీరంలో హోప్ ఐలాండ్, శ్రీహరికోట అనే రెండు చోట్ల ఈ విషయం చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇసుక గోడ ఎలా లేస్తుంది

ఒడ్డుకు సమాంతరంగా, ఒడ్డుకూ తనకూ మధ్య లోతు తక్కువ నీటిని ఉంచుకుని పొడవుగా సాగే ఇసుక దీవిని భూగోళ శాస్త్రంలో బారియర్ ఐలాండ్ అంటారు. అడ్డుగోడ దీవి అనుకోవచ్చు. ప్రపంచ తీరరేఖలో దాదాపు పదో వంతు ఇలాంటి దీవుల చాటున ఉంది. ఇవి ఏర్పడడానికి కొన్ని పరిస్థితులు కలిసిరావాలి. ఇసుక దండిగా ఉండాలి. సముద్రపు అడుగు ఒడ్డు నుంచి నెమ్మదిగా లోతెక్కాలి. పోటు పాటుల మధ్య తేడా మరీ ఎక్కువ ఉండకూడదు, అలలకు ఇసుకను పోగేసే బలం ఉండాలి. తూర్పు తీరంలో ఇవన్నీ ఉన్నాయి.

పుట్టుక విషయంలో 19వ శతాబ్దం నుంచే మూడు వివరణలు ఉన్నాయి. సముద్రంలో నీటి కింద ఉన్న ఇసుక మేట అలల వల్ల ఎత్తు పెరిగి బయటపడిందన్నది ఒకటి. ఒడ్డు నుంచి నాలుకలా సాగిన ఇసుక తుపానుకు తెగి దీవి అయిందన్నది రెండోది. సముద్ర మట్టం పెరిగినప్పుడు పాత తీరపు ఇసుక దిబ్బల వెనక పల్లపు నేల మునిగి, దిబ్బలు మాత్రం దీవిగా మిగిలాయన్నది మూడోది. ఒక్కో చోట ఒక్కోటి నిజమవుతుంది, కొన్ని చోట్ల ఒకటికి మించి కలుస్తాయి. హోప్ ఐలాండ్‌ది స్పష్టంగా ఇసుక నాలుక కథ. శాస్త్రీయంగా దాన్ని స్పిట్ అనే అంటారు. శ్రీహరికోటది ఇంకా పాతది. సుమారు ఆరేడు వేల ఏళ్ల కిందట సముద్ర మట్టం పెరుగుదల నెమ్మదించాక తూర్పు తీరంలో రూపుదిద్దుకున్న ఇసుక వరసల్లో అది ఒకటి. దాని వెనక చిక్కుకున్న ఉప్పునీరే పులికాట్ సరస్సు.

తూర్పు తీరంలో ఇసుక ఎటు పోతుందో నిర్ణయించేది రుతుపవనాలు. నైరుతి గాలులు వీచే నెలల్లో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకి ఇసుకను ఉత్తరానికి నెడతాయి. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత ఇసుక తిరిగి దక్షిణానికి వస్తుంది. ఏడాది మొత్తం మీద చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ, అదీ లక్షల ఘనపు మీటర్లలో. హోప్ ఐలాండ్ కొన ఉత్తరానికి పెరగడానికి కారణం ఇదే.

తుపాను వచ్చినప్పుడు ఇంకో రకం కదలిక మొదలవుతుంది. పెద్ద అలలు దీవి మీదుగా దొర్లి, సముద్రం వైపున్న ఇసుకను తీసుకెళ్లి వెనక వైపు పోస్తాయి. ఇలా ఏళ్ల తరబడి జరిగితే దీవి మొత్తంగా ఒడ్డు వైపు జరుగుతుంది. ఒకప్పుడు దీవి వెనక పెరిగిన మడ అడవి వేళ్లు, నల్ల బురద, కొన్నేళ్లకు ముందు వైపు అలల్లో బయటపడడం ప్రపంచంలో చాలా దీవుల దగ్గర కనిపిస్తుంది. బయటి నుంచి చూసేవాళ్లకు అది విధ్వంసం. దీవికి మాత్రం అదే బతికే మార్గం. సముద్ర మట్టం పెరుగుతున్నప్పుడు కదలని ఇసుక వరస మునిగిపోతుంది, వెనక్కి జరగగలిగినది నిలుస్తుంది.

అమెరికాలో నార్త్ కరోలినా తీరపు దీవుల మీద ఉన్న కేప్ హాటెరాస్ లైట్‌హౌస్ దీనికి మంచి ఉదాహరణ. 1870లో కట్టినప్పుడు సముద్రం 1,500 అడుగుల దూరంలో ఉంది. 1990ల నాటికి అలలు దాదాపు పునాది దాకా వచ్చేశాయి. గోడలు కట్టాలా, ఇసుక పోయాలా అని ఏళ్ల తరబడి వాదించుకున్నాక, 1999లో ఆ లైట్‌హౌస్‌ను పట్టాల మీద ఎక్కించి 2,900 అడుగులు లోపలికి జరిపారు. తీరాన్ని తమకు కావాల్సిన చోట ఆపడం కుదరదని ఒప్పుకుని, కట్టడాన్నే కదిలించారు. తీరం గురించి తీసుకున్న తెలివైన నిర్ణయాల్లో దీన్ని ముందు వరసలో పెట్టాలి.

ముందు వైపు, వెనక వైపు

ఇలాంటి దీవిని అడ్డంగా నడిచి దాటితే కొన్ని వందల మీటర్లలోనే నాలుగైదు లోకాలు మారతాయి. అలలు కొట్టే తడి ఇసుకలో పైకి ఏమీ కనిపించదు. కానీ కాలి కింద, అల వచ్చి వెళ్లిన ప్రతిసారీ తవ్వుకుని లోపలికి దిగే బొటనవేలంత పీతలు, సన్నని గుల్లలు, పురుగులు గుంపులుగా ఉంటాయి. అల మోసుకొచ్చే నాచు తునకలే వాటి తిండి. వలస వచ్చిన ఉల్లంకి పిట్టలు అల వెనక్కి పోగానే పరుగెత్తి పొడిచేది వీటినే. ఇంకాస్త పైన పొడి ఇసుకలో ఎర్ర పీతల బొరియలు ఉంటాయి.

ఆపైన దిబ్బలు మొదలవుతాయి. ఉప్పు గాలి, మండే ఇసుక, నిలవని నీరు ఉన్న ఆ చోట ముందుగా అడుగుపెట్టేది ఊదారంగు పూల బాలబంద తీగ, ముళ్లబంతిలాంటి కంకులుండే రావణాసురుని మీసాలు గడ్డి. ఆ గడ్డి ఎండిన కంకులు గాలికి ఇసుక మీద దొర్లుతూ పోయి ఎక్కడ చిక్కుకుంటే అక్కడ గింజ రాలుస్తాయి. తీగ ఇసుకను పట్టుకుంటుంది. పట్టుకున్న ఇసుక మీద ఇంకొంచెం ఇసుక పేరుకుంటుంది. తీగ మళ్లీ దాని పైకి పాకుతుంది. మనిషెత్తు దిబ్బ తయారు కావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. ఒక్క ట్రాక్టర్ ఒక్క పూటలో దాన్ని ఎత్తుకుపోగలదు.

దిబ్బల కింద కంటికి కనిపించని ఆస్తి ఇంకొకటి ఉంది. వాన నీరు ఇసుకలోకి ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ మంచినీటి పొరగా నిలుస్తుంది. లెక్క ప్రకారం సముద్ర మట్టానికి పైన ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే, మట్టానికి కింద సుమారు 40 మీటర్ల మందాన మంచినీరు ఉంటుంది. చుట్టూ ఉప్పునీరున్న శ్రీహరికోటలో అడవి ఉందంటే ఈ పొర వల్లే. తీరపు రైతులు ఇసుక నేలల్లో తవ్వుకునే దొరువుల్లో తియ్యటి నీరు ఊరేదీ ఇందువల్లే. దిబ్బను చదును చేస్తే ఆ ఎత్తు పోతుంది. ఎత్తులో పోయిన ప్రతి మీటరుకూ అడుగున దానికి ఎన్నో రెట్ల మంచినీరు పోతుంది. మోటార్లతో ఎడాపెడా తోడినా ఇదే జరుగుతుంది, కింది ఉప్పునీరు పైకి లేస్తుంది.

శ్రీహరికోటలో ఉన్నది మామూలు సరుగుడు తోట కాదు. పాల, నేరేడు, అల్లి, ముష్టి చెట్లు దట్టంగా అల్లుకున్న పొడి సతతహరిత అడవి. కోరమాండల్ తీరంలో ఒకప్పుడు విరివిగా ఉండి, ఇప్పుడు చాలా చోట్ల గుడి తోపుల్లో మాత్రమే మిగిలిన అడవి రకం అది. 1969లో రాకెట్ ప్రయోగ కేంద్రం కోసం ఈ దీవిని ఎంచుకోవడం, ఆ తర్వాత బయటివాళ్ల రాకపోకలు ఆగిపోవడం అడవికి రక్షణ అయ్యాయి. తరతరాలుగా అక్కడే తేనె, దుంపలు, చేపల మీద బతికిన యానాది కుటుంబాలు మాత్రం దీవి వదిలి వెళ్లాల్సి వచ్చింది. శ్రీహరికోట పచ్చదనం గురించి చెప్పేటప్పుడు ఆ సంగతి కూడా చెప్పాలి. ఏ మొక్క ఏ వాన తర్వాత మొలుస్తుందో, ఏ మడుగులో నీరు ఎంతకాలం నిలుస్తుందో తెలిసినవాళ్లు వాళ్లే.

దీవి వెనక్కి దిగితే గాలి, అలలు తగ్గుతాయి. అక్కడ బురద నేల. హోప్ ఐలాండ్ వెనక, కాకినాడ అఖాతం అంచున కోరింగ మడ అడవి పరుచుకుని ఉంది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన దీని విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. తెల్లమడ, నల్లమడ, తిల్ల, పొన్న చెట్లు ఇక్కడ ఎక్కువ. బావురు పిల్లులు, నీటికుక్కలు తిరుగుతాయి. గాడేరు, కోరంగి పాయలు మంచినీటిని తెస్తాయి, రోజుకు రెండుసార్లు పోటు ఉప్పునీటిని తెస్తుంది. ఆ రెండూ కలిసే చోట మడ ఆకులు రాలి, కుళ్లి, బ్యాక్టీరియాకూ చిన్న రొయ్యలకూ పీతలకూ తిండి అవుతాయి. మండపీత బొరియలు తవ్వితే బురదలోకి గాలి చేరుతుంది. అఖాతం అడుగున గుల్లలు పెరుగుతాయి. అద్దంలా పలుచగా ఉండే కిటికీ గుల్ల, రక్తం ఎర్రగా ఉండే గుల్ల కాకినాడ అఖాతానికి పేరున్నవి. ఈ తీరంలో గుల్లసున్నం కాల్చే పనికి పూర్వం నుంచీ ముడిసరుకు ఇవే.

మడ అడవి కూడా ఉన్నచోటే ఉండదు. దీవి చాటున కొత్త బురద మేట పడగానే తెల్లమడ గింజలు కొట్టుకొచ్చి మొలుస్తాయి. ఇసుక నాలుక ఎక్కడ పెరిగితే దాని వెనక బురద మేట పెరుగుతుంది, దాని వెంట మడ నడుస్తుంది. అలాగే సముద్రం వైపు కోత మొదలైతే, పెద్ద మడ చెట్లు నిలువునా ఇసుకలో కూరుకుని ఎండిపోతాయి. గోదావరి డెల్టా ముంగిట ఈ రెండు దృశ్యాలూ పక్కపక్కనే ఉన్నాయి.

పోటు తగ్గినప్పుడు బయటపడే బురద మైదానాలు చూడ్డానికి ఖాళీగా ఉంటాయి. రెవెన్యూ రికార్డుల్లో అలాంటి నేలను బంజరు అని రాసుకోవడం మనకు అలవాటు. కానీ సైబీరియా వంటి ఉత్తర ప్రాంతాల నుంచి వేల కిలోమీటర్లు ఎగిరొచ్చే పక్షులు చలికాలం గడపడానికి ఎంచుకునేది ఈ ఖాళీ నేలనే. గ్రేట్ నాట్ అనే అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షి కాకినాడ బురద నేలల్లో కనిపిస్తుంది. కింది ముక్కు పై ముక్కు కంటే పొడవుగా ఉండి, నీటి పైపొరను కోస్తూ చేపలు పట్టే ఇండియన్ స్కిమ్మర్లు కూడా శీతకాలంలో ఇక్కడికి చేరతాయి. పోటు వచ్చి బురద మునిగినప్పుడు ఈ గుంపులన్నీ కాసేపు ఆగడానికి ఎత్తైన ఇసుక మేట కావాలి. ఆ మేట మీద కుక్కలు, బైకులు, సెల్ఫీ గుంపులు తిరిగితే తిండి ఉన్నా విశ్రాంతి ఉండదు. అంత దూరం తిరిగి ఎగరడానికి కావాల్సిన కొవ్వు ఒంట్లో చేరదు.

మొగ మూసుకుంటే

ఇసుక దీవి గోడలా అడ్డం నిలబడితే లోపలి నీటికి బయటి సముద్రంతో సంబంధం తెగాలి. తెగకుండా ఉంచేది మొగ. దీవికీ దీవికీ మధ్య, లేదా దీవి కొన దగ్గర, పోటు పాటు నీరు వచ్చిపోయే తెరుపు అది. ఇక్కడి మత్స్య సంపద మొత్తం ఆ తెరుపు మీద ఆధారపడి ఉంటుంది. మొగను ఒక చేపల రేవుగా చూసి వదిలేస్తే పొరపాటు.

రొయ్య సంగతే చూద్దాం. తెల్ల రొయ్య, టైగర్ రొయ్య సముద్రంలో గుడ్లు పెడతాయి. పిల్లలు కొన్ని వారాలు సముద్రంలో తేలుతూ పెరిగి, పోటు నీటితో మొగ గుండా లోపలికి వస్తాయి. మడ వేళ్ల మధ్య, గడ్డి మధ్య కొన్ని నెలలు తిని ఎదిగి, తిరిగి సముద్రానికి పోయి గుడ్లు పెడతాయి. మండపీతది దాదాపు ఇదే దారి. ఆడపీత గుడ్ల కోసం సముద్రంలోకి వెళ్తుంది, పిల్లలు లోపలికి వస్తాయి. పండుగప్ప, పాలబొంత పిల్లలు కూడా ఇలాగే వస్తాయి. సముద్రంలో విలసగా ఉన్న చేప వరద నీటికి ఎదురీది గోదావరిలో పులస కావాలన్నా మొగ దాటాల్సిందే. లోపల మడ అడవి ఎంత పచ్చగా ఉన్నా, మొగ పూడితే ఈ ప్రాణులకు అక్కడికి దారి ఉండదు.

పులికాట్‌లో ఇది ఏళ్లుగా జరుగుతున్న బాధ. దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది. పొడవు సుమారు 60 కిలోమీటర్లు, అయినా సగటు లోతు ఒక మీటరుకు అటూఇటూ. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. కానీ సముద్రంతో ప్రధానంగా తెరుచుకుని ఉండే ముఖద్వారం తమిళనాడు వైపు పళవేర్కాడు దగ్గర ఉంది. ఉత్తరాన మన వైపున్న రాయదొరువు ముఖద్వారం ఇసుక మేటలతో పూడిపోతూ వచ్చింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలకు స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల నీరు చేరి సరస్సు దాదాపు తియ్యబడుతుంది. ఎండాకాలం వచ్చేసరికి ఉత్తర భాగం సముద్రం కన్నా ఉప్పగా మారి, చాలా మేర పగుళ్లిచ్చిన నేలగా మిగులుతుంది. అప్పుడు ఉత్తర గ్రామాల జాలర్లు దక్షిణానికి వెళ్లి వేటాడాలి. అక్కడి జాలర్లకు తమ వంతుల పద్ధతి ఉంది. ఏ రోజు ఎవరు ఎక్కడ వల వేయాలో తరతరాలుగా ఒప్పందం ఉన్న చోటికి కొత్త పడవలు వస్తే గొడవలు అవుతాయి, అయ్యాయి కూడా. రెండు రాష్ట్రాల మత్స్యకారుల తగాదాగా వార్తల్లోకి వచ్చేదాని అడుగున ఉన్నది పూడిన మొగ.

ఫ్లెమింగోల సంగతి కూడా దీనితో ముడిపడి ఉంది. అవి ముక్కును తలకిందులుగా నీటిలో ముంచి, నాచునూ చిన్న రొయ్యజాతి జీవులనూ వడకట్టుకుని తింటాయి. వాటికి మోకాలి లోతు నీరు కావాలి. నీరు మరీ లోతైతే నిలబడలేవు, ఎండిపోతే తిండి ఉండదు. పులికాట్ పక్కనున్న నేలపట్టు పక్షుల అభయారణ్యంలో నీటిలో నిలిచిన చెట్ల మీద గూళ్లు కట్టే గూడబాతులు పిల్లలకు చేపలు తెచ్చేది పులికాట్ నుంచి. నేలపట్టు చెరువును ఎంత బాగా కాపాడినా, పక్కనున్న సరస్సులో చేప లేకపోతే గూడు నిలవదు. అభయారణ్యం హద్దులను గీసేటప్పుడు పక్షి పడుకునే చోటుతో పాటు అది తినే చోటునూ లెక్కలోకి తీసుకోవాలి.

ఇసుకకు వేసిన అడ్డుకట్టలు

తీరం వెంట ఇసుక నడుస్తుంటుంది కాబట్టి, ఎక్కడో ఒకచోట అడ్డం కడితే దాని దక్షిణాన మేట, ఉత్తరాన కోత తప్పవు. చెన్నై దీనికి పాత సాక్ష్యం. 1870లలో ఓడరేవు గోడలు మొదలైన దగ్గర్నుంచి దక్షిణాన మెరీనా బీచ్ వెడల్పైంది, ఉత్తరాన రాయపురం తీరం కోతకు గురైంది. విశాఖలో ఆర్కే బీచ్‌కు రేవు దగ్గర తవ్విన ఇసుకను పంపింగ్ చేసి పోయాల్సి వస్తోంది.

కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ గురించి తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. నేత చీరలకు పేరున్న ఆ ఊరు ఇప్పుడు ప్రతి తుపానుకూ బీచ్ రోడ్డు తెగిన వార్తతో గుర్తొస్తోంది. కారణం ఒక్కటే అని చెప్పడం సరికాదు. హోప్ ఐలాండ్ పెరిగేకొద్దీ అలలు వంగి కొత్త చోట శక్తినంతా విడుస్తున్నాయి. నాలుక దగ్గరా అఖాతంలోనూ ఆగిపోయిన ఇసుక ఉత్తరానికి చేరడం లేదు. ఓడరేవు గోడలు, తవ్విన ఓడ దారి మిగిలినదాన్ని కూడా పట్టుకుంటున్నాయి. అక్కడ వేసిన రాళ్లు, జియో ట్యూబులు (ఇసుక నింపిన పెద్ద గొట్టపు సంచులు) కొంతకాలం ఆ ముక్కను కాపాడాయి. కానీ రాతి కట్ట ఇసుకను పుట్టించదు. అల దానికి తగిలి మరింత వేగంగా వెనక్కి వచ్చి కాళ్ల దగ్గరి ఇసుకను తోడేస్తుంది, కట్ట ముగిసే చోట కొత్త కోత మొదలవుతుంది.

ఇంతకన్నా పెద్ద అడ్డం తీరానికి చాలా దూరంలో ఉంది. 1970లలో గోదావరి ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రును డెల్టా వైపు మోసుకొచ్చేది. 1990లు వచ్చేసరికి అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. వానలు తగ్గడం వల్ల కాదు, నది పొడవునా ఉపనదుల మీదా కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడం వల్ల. అదే కాలంలో డెల్టా ముంగిట నేల సముద్రంలో కలిసిపోవడం ఉపగ్రహ చిత్రాల పోలికలో బయటపడింది. పోలవరం జలాశయం నిండుగా పనిచేయడం మొదలయ్యాక మిగిలిన దానిలోంచి ఇంకొంత అక్కడ ఆగుతుంది. ఇక పాయల్లో ఇసుక తవ్వకాలు ఉండనే ఉన్నాయి. హోప్ ఐలాండ్ భవిష్యత్తును కాకినాడలో ఎవరూ ఒంటరిగా నిర్ణయించలేరు. ఆ నిర్ణయాల్లో చాలా భాగం మహారాష్ట్ర, తెలంగాణల ఆనకట్టల గేట్ల దగ్గర జరుగుతోంది. సాగునీటి ప్రాజెక్టుల పర్యావరణ నివేదికల్లో ముంపు గ్రామాలు, అడవులు ఉంటాయి, దిగువన తీరానికి తగ్గే ఇసుక లెక్క మాత్రం సరిగా కనిపించదు. ఉండాలి.

ఆలివ్ రిడ్లే తాబేలుకు ఈ లెక్క ప్రాణ సమస్య. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిపూట అవి హోప్ ఐలాండ్ ఇసుక మీదికి ఎక్కుతాయి. పోటు నీరు అందని చోట గుంత తవ్వి వందకు అటూఇటూ గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటకు వస్తాయి. పిల్ల ఆడదా మగదా అన్నది ఇసుక వేడి నిర్ణయిస్తుంది. వేడి పెరిగితే ఆడ పిల్లలు ఎక్కువ. కోత వల్ల ఒడ్డు నిట్టనిలువు గట్టుగా మారితే తాబేలు ఎక్కలేదు, తడి ఇసుకలోనే గుడ్లు పెడితే అవి కుళ్లిపోతాయి. ఒడ్డు అంచు దాకా సరుగుడు నాటితే నీడ, వేళ్లు, రాలిన ఆకుల చాప అడ్డం వస్తాయి. తుపాను గాలికి అడ్డంగా సరుగుడు పనికొస్తుంది, కాదనలేం. కానీ దాని చోటు దిబ్బల వెనక. ముందు దిబ్బను బాలబందకూ రావణాసురుని మీసాలకూ వదిలేయాలి.

సముద్రంలో ట్రాల్ వలలు తాబేళ్లకు ఇంకో గండం. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. చేపల సంతానోత్పత్తికి అది ఉపయోగపడుతుంది కానీ, తల్లి తాబేళ్లు తీరానికి దగ్గరగా గుమిగూడే నెలలు అప్పటికే గడిచిపోతాయి. ఊపిరి కోసం పైకి రావాల్సిన జంతువు గంటల తరబడి లాగే వలలో చిక్కితే చనిపోతుంది. వలలో తాబేలు తప్పించుకునే పరికరం అమర్చుకోవడం, గుడ్ల కాలంలో తీరానికి దగ్గరగా ట్రాలింగ్ ఆపడం చేస్తే సాధారణ మత్స్యకారుడి తిండికి నష్టం ఉండదు. చిన్న పడవల వాళ్లు చాలా కాలంగా అడుగుతున్నది కూడా ట్రాలర్లను దూరంగా ఉంచమనే.

రక్షణ ఎంత, ఎవరికి

హోప్ ఐలాండ్ కాకినాడను తుపానుల నుంచి కాపాడుతుందని అందరూ అంటారు. అందులో నిజం ఉంది. పెద్ద ఓడలు ఇప్పటికీ దాని చాటునే లంగరు వేస్తున్నాయి. లోతైన సముద్రం నుంచి వచ్చే అల ఆ ఇసుక మీద విరిగి బలం కోల్పోతుంది, దాని వెనక మడ అడవి మిగిలిన బలాన్ని పీలుస్తుంది. అయితే అలకూ ఉప్పెనకూ తేడా ఉంది. ఉప్పెనలో నీటి మట్టమే మీటర్ల కొద్దీ పెరుగుతుంది. అంత నీటిని తక్కువ ఎత్తు ఇసుక దీవి ఆపలేదు, అది దాని మీదుగా, మొగల గుండా లోపలికి వస్తుంది. 1839 తుపానుకు కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది, తర్వాత ఎప్పుడూ పూర్వ స్థితికి రాలేదు. బర్మాలో తెలుగువారందరినీ కోరంగీలు అని పిలిచేంత పేరున్న రేవు అది. 1996 నవంబరు తుపాను కాకినాడ, కోనసీమల మీద ఎంత ప్రాణనష్టం మిగిల్చిందో ఇప్పటి పెద్దలకు గుర్తే. దీవి ఉందన్న ధీమాతో అఖాతం అంచున పల్లపు నేలలో కొత్త కట్టడాలు పెంచడం ప్రమాదకరం. తీరం దగ్గర కట్టడాలను అదుపు చేసే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) నిబంధనలు దిబ్బలకూ మడ అడవులకూ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలకూ అన్నిటికన్నా గట్టి రక్షణ ఇస్తున్నాయి. ఆ గీతలు మాత్రం ఒక ఏడాది గీసిన పటం మీద ఉంటాయి. దీవి జరిగినప్పుడు గీత కూడా జరగాలి.

పులికాట్ ఉత్తర ముఖద్వారాన్ని తవ్వాలని జాలరి గ్రామాలు ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నాయి. అడగడం న్యాయమే. అయితే తవ్విన మొగ తెరుచుకుని ఉండాలంటే పోటుకూ పాటుకూ దాని గుండా తగినంత నీరు వేగంగా రావాలి, పోవాలి. ఆ వేగమే రోజూ చేరే ఇసుకను బయటికి తోసేస్తుంది. లోపల సరస్సు మేట వేసి, నీరు నిలిచే చోటు కుంచించుకుపోతే, తవ్విన మొగ ఒకటి రెండు సీజన్లలో మళ్లీ పూడుతుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లే రోడ్డు సరస్సును అడ్డంగా రెండు చేసింది. దాని కింద నీరు ధారాళంగా పారే తూములు, వంతెనలు పెంచడం, స్వర్ణముఖి, కాళంగి నదుల్లో వానాకాలపు వరదను కొంతైనా సరస్సు దాకా రానివ్వడం, రొయ్యల చెరువుల కోసం మూసేసిన కాలువలను తెరవడం తవ్వకంతో పాటే జరగాలి. తీసిన ఇసుకను లారీల్లో అమ్మేయకుండా మొగకు ఉత్తరాన ఒడ్డు మీదే పోయాలి, ఎందుకంటే అది ఎలాగూ అటు పోవాల్సిన ఇసుకే.

ఆ పని చిలికాలో జరిగింది. 2000లో సముద్రానికి కొత్త ముఖద్వారం తవ్వి, సరస్సు లోపలి కాలువల్లో మేట తీసి, ఉప్పదనాన్ని ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. చేపల దిగుబడి కొన్నేళ్లలోనే కోలుకుంది. 1993లో ప్రమాదపు జాబితాలోకి ఎక్కిన ఆ సరస్సును, చిత్తడి నేలల రక్షణకు కుదిరిన అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం 2002లో అందులోంచి తీసేసింది. చిలికాకు ఒక ప్రత్యేక సంస్థ ఉంది, ఒకే రాష్ట్రం ఉంది. పులికాట్‌కు రెండు రాష్ట్రాలు, అటవీ, మత్స్య, నీటిపారుదల, రోడ్ల శాఖలు, మధ్యలో రాకెట్ కేంద్రం ఉన్నాయి. వీళ్లందరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే ఉమ్మడి సంస్థ ఏర్పాటైతే, అది ముందుగా చేయాల్సిన పని రాయదొరువు దగ్గర ఏడాది పొడవునా పోటు మట్టాన్నీ ఉప్పదనాన్నీ ఇసుక కదలికనూ కొలవడం. ఎంత లోతున, ఎంత వెడల్పున, ఏ నెలలో తవ్వాలన్నది ఆ కొలతల నుంచే తేలుతుంది.